డోరా తీగలు

క్రేడ్లీ హీత్,
1993 ఫిబ్రవరి

ఒరేయ్ క్లెమ్,

బాగున్నావా అని అడగను. నువ్వు బాగానే ఉండి ఉంటావు. బాగా లేనిదల్లా నేనూ, నా ముందు గదీ.

మంగళవారం పొద్దున్నే గడప కడుగుతుంటే వీధికి అడ్డంగా ఒక లారీ వచ్చి ఆగింది. ఇద్దరు దిగి, "మిస్ ఎనిడ్ ట్రోమన్స్ మీరేనా?" అన్నారు. అవునన్న పాపానికి బీరువాలంత పెట్టెలు దింపడం మొదలుపెట్టారు. ఇవేమిటయ్యా అంటే, "స్పీకర్లమ్మా, క్లెమ్ గారివి" అన్నాడొకడు. తడి గడపని బూట్లతో తొక్కుకుంటూ అన్నీ తెచ్చి ముందు గదిలో నిలబెట్టారు. కిటికీ మూసుకుపోయింది. గోడ మీది అమ్మ ఫోటో మూసుకుపోయింది. ఆ తర్వాత వెనకాల గాజు బుడ్లున్న యాంప్లిఫయర్లు, పొగాకు డబ్బాలో బిగించిన నీ కాలి మీట, పాముల్లాంటి వైర్లు. ఆఖరున శవపేటికలా నల్లటి పెట్టె ఒకటి దింపారు. అది చూసి పక్కింటి మిసెస్ హోమర్ ఏప్రాన్‌తో కళ్ళొత్తుకుంటూ పరిగెత్తుకొచ్చి, "ఎవరే ఎనిడ్, క్లెమ్మేనా?" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బుధవారం బుధవారం మా చర్చి, అదే చాపెల్ ఆడవాళ్ళు కుట్టుపనికి ఆ గదిలోనే కూర్చుంటారని నీకు తెలీదా? ఇప్పుడు వాళ్ళని నా నెత్తిన కూర్చోబెట్టుకోమంటావా?

ఒక్కటి మాత్రం నాకు అర్థం కావడం లేదు. ఈ సరంజామా అంతా ఎప్పుడూ లండన్ గోదాములోనే కదా ఉండేది? పైగా నల్ల పెట్టెలో నీ డోరా ఉంది. నువ్వు కచేరీలకని దేశాలు తిరుగుతుంటే నీ గిటార్ ఇక్కడుంది. అక్కడ ఏం వాయిస్తున్నావురా, నీ పొట్టా? ఇంకో మాట. పెట్టెల మీద నువ్వు రాసిన చిరునామా చదవలేక లారీవాడు ముందు పక్క వీధికి వెళ్ళాడట. ఎడమ చేత్తో రాస్తావని బళ్ళో అన్ని దెబ్బలు తిన్నా నీ రాత ముత్యాల్లా ఉండేది. ఇప్పుడు కోడి గెలికినట్టుంది.

ఫోన్ చేస్తే నీకు వినపడదు, వీధికంతా వినపడుతుంది. యాంప్లిఫయర్ల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నవాడికి ఉత్తరం తప్ప గతేముంది? వెంటనే జవాబు రాయి.

మీ అక్క,
ఎనిడ్

* * *

గోథెన్‌బర్గ్, స్వీడన్,
మార్చి

అక్కా,

కాస్త శాంతించు. జూన్ దాకా ఓర్చుకో చాలు. జూన్ ఆఖర్లో మన పక్కనున్న బర్మింగ్‌హామ్‌లో మా బ్యాండ్ కోల్డ్ యాన్విల్ చివరి కచేరీ. మన ఊళ్ళో మొదలుపెట్టాం, మన ఊళ్ళోనే ముగిస్తాం. ఆ రోజు పెట్టెలన్నీ నీ ఇంటి నుంచే వెళ్తాయి. గోదాము వాళ్ళని నమ్మను. పోయినేడు ఎవడో పుణ్యాత్ముడు సాయం చేద్దామని నా యాంప్లిఫయర్ లోపలంతా తుడిచి పెట్టాడు. దాని గొంతు మళ్ళీ రావడానికి ఏడాది పట్టింది.

అందుకే నీ కాళ్ళు పట్టుకుంటున్నాను. డోరాని ముట్టుకోకు. తుడవకు. దుమ్ము కూడా దులపకు. ఆ తీగలు మేం మొదటి రికార్డు చేసినప్పటివి. ఇరవై ఏళ్ళ చెమట, జిడ్డు, మురికి ఉన్నాయి వాటి మీద. కుర్రాళ్ళు నాలాంటి గిటారే, నాలాంటి యాంప్లిఫయరే కొనుక్కుని, మీలా ఎందుకు మోగడం లేదండీ అని ఉత్తరాలు రాస్తారు. ఏం చెప్పను? ఇరవై ఏళ్ళు చేతులు కడుక్కోకుండా వాయించండి నాయనా అని చెప్పనా?

ఇక్కడ కొత్త గిటార్ వాయిస్తున్నాను. పళ్ళ డాక్టరు గదిలా తళతళలాడుతుంది. డోరా విశ్రాంతి తీసుకుంటోంది, అంతే.

రాత బాగా లేదంటావా, బస్సులో రాస్తున్నాను. రోడ్లు దారుణం.

తమ్ముడు,
క్లెమ్

* * *

క్రేడ్లీ హీత్,
మార్చి ఆఖరు

ఒరేయ్ క్లెమ్,

స్వీడన్ రోడ్లు అద్దాల్లా ఉంటాయని మిసెస్ హోమర్ కొడుకు చెప్పాడు. వాడు అక్కడ లారీ నడిపాడు. కోతలు కొయ్యకు.

నీ సామాను ఇక్కడుందని ఊరంతా తెలిసిపోయింది. ఊరనేముంది, ఫిన్లండ్ దాకా పాకింది. శనివారం తలుపు తీస్తే నడుము దాకా జుట్టున్న ఇద్దరు మగపిల్లలు, తోలు కోట్ల మీద పుర్రెలు. తలుపు వేసేద్దామనుకున్నాను గానీ, బూట్లు బయటే విడిచి నిలబడ్డారు. అది చూసి మనసు మెత్తబడింది. లోపలికి రానిచ్చాను. ఒకడు స్పీకరు ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. "అమ్మా, ఇది ఆయనదేనా?" అన్నాడు. "ప్రస్తుతం నా పూలకుండీది" అన్నాను. ఏడ్చాడురా వాడు! చాపెల్‌లో కూడా ఎవరూ అలా ఏడవగా చూడలేదు. ఇద్దరికీ టీ, కేకు పెట్టి పంపాను. ఇంత గౌరవం నీకెందుకో నాకు ఈ జన్మకి అర్థం కాదు. నీ పాట ఒక్కటి కూడా తలనొప్పి రాకుండా ఆఖరు దాకా వినలేదు నేను.

అన్నట్టు, అమ్మ మంచి కప్పుల్లో ఒకటి చేతిలోంచి జారి పగిలింది. నీ పెట్టెల మధ్య అడ్డంగా నడవాల్సి వస్తే జారక ఏం చేస్తుంది? పాపం నీదే. ఈ కలం కూడా తిన్నగా నడవడం లేదు, ఇంట్లో ప్రతిదీ నా మీద కక్షగట్టింది.

ఎనిడ్

* * *

హానోవర్, జర్మనీ,
ఏప్రిల్

అక్కా,

కప్పు కొనిపెడతాను, కోప్పడకు.

లండన్ నుంచి సంగీత పత్రికవాళ్ళు ఇద్దరు వస్తారు. చివరి కచేరీకి ముందు నా వాయిద్యాల ఫోటోలు తీసి పెద్ద వ్యాసం వేస్తారట. లోపలికి రానివ్వు. ఉన్నవి ఉన్నట్టు చూపించు. పూలకుండీ కూడా తీయకు.

మళ్ళీ చెప్తున్నాను. ఏదీ శుభ్రం చెయ్యకు. ఒట్టు పెట్టించుకుంటున్నాననుకో.

క్లెమ్

* * *

క్రేడ్లీ హీత్,
మే

ఒరేయ్ క్లెమ్,

పత్రికవాళ్ళు వచ్చి వెళ్ళారు. నువ్వు ముందే ఎగరకు, నేను చెప్పేది పూర్తిగా చదువు.

లండన్ వాళ్ళు మనింటికొచ్చి, మన ముందు గదిలో ఫోటోలు తీసి, దేశం మొత్తానికి చూపిస్తారా? ఆ ఫోటోల్లో జిడ్డు కనపడాలా? ట్రోమన్స్ ఇంట్లో మురికి ఉందని క్రేడ్లీ హీత్‌లో ఎవరైనా ఒక్క మాట అనగలిగారా ఇంతవరకూ? అమ్మ చనిపోయే వారం కూడా కుర్చీలో కూర్చుని నా చేత గడప కడిగించింది. నేను బతికుండగా ఆ పేరు పోనిస్తానా?

అందుకని కడిగాను. స్పీకర్ల గుడ్డ సబ్బు నీళ్ళతో తోమితే అది బూడిద రంగు కాదు, వెండి రంగని తెలిసింది. పొగాకు డబ్బా ఇసకతో తోమాను. డోరాని వెనిగర్‌తో తుడిచి మైనం పట్టించాను. ఆ తీగల మీద జిడ్డు గోకితే గోటి నిండా వచ్చింది, ఛీ! బజారు వీధిలో సంగీతం కొట్టు పార్గెటర్ ఉన్నాడు కదా, అతన్ని పిలిచి కొత్త తీగలు వేయించాను. "క్లెమ్‌కి చెప్పారా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. "అక్కని నేనా, నువ్వా?" అన్నాను. పాత తీగలు పారెయ్యలేదులే, అంత దుబారా మనిషిని కాను. పెరట్లో బఠాణీ పాదులకి కట్టాను. గట్టిగా బాగున్నాయి.

ఫోటోలు తీసే అబ్బాయి గదిలోకొచ్చి, డోరాని చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. అంత తళతళలాడుతోంది మరి.

ఎనిడ్

* * *

మిలాన్,
మే

ఎనిడ్,

కొంప ముంచావు.

నీకెన్నిసార్లు చెప్పాను? కాళ్ళు పట్టుకున్నానే! గడప, గడప, గడప! నీ గడప చల్లగుండ! ఇక బర్మింగ్‌హామ్‌లో నేను వాయించేది లేదు. మా బ్యాండ్ వాళ్ళకి చెప్పేశాను. పెట్టెలు నువ్వే ఉంచుకో, వాటి మీద కూడా పూలకుండీలు పెట్టుకో.

క్లెమ్

* * *

క్రేడ్లీ హీత్,
మే

ఒరేయ్ క్లెమ్,

ఎనిడ్ అని పేరు పెట్టి పిలిచేంత పెద్దవాడివయ్యావా? నీ ముక్కు తుడిచి బడికి తీసుకెళ్ళిన దాన్ని నేను. నువ్వు వంటింట్లో పంది తోలు వేపుడు నములుతూ, ఆ జిడ్డు వేళ్ళతోనే ఆ గిటార్ వాయిస్తుంటే, చేతులు కడుక్కోరా వెధవా అని ఇంటి చుట్టూ తరిమిన దాన్ని. నాలుగు తీగలు మార్చానని ఇంత మాటంటావా? మార్చుకుంటే కొత్తవి వస్తాయి, నాలాంటి అక్క వస్తుందా?

అని రాసి, ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పాను. ఒళ్ళు మండిపోయి నీ పాత ఉత్తరాలు కూడా తీసి బల్ల మీద పరిచాను, నువ్వన్నవన్నీ ఏరి తిరిగి తిడదామని. అలా పక్కపక్కన పెట్టి చూస్తే తిట్టడం మర్చిపోయాను.

నాన్న గుర్తున్నాడా? గొలుసుల కార్ఖానాలో చివరి రోజుల్లో జీతం కాగితం మీద ఆయన సంతకం గుర్తుందా? అక్షరాలు మొదట నిలబడి, పోనుపోను ఒక పక్కకి ఒరిగి కాళ్ళు ముడుచుకునేవి. నీ మార్చి ఉత్తరం అలా ఉంది. మిలాన్ ఉత్తరం ఇంకా అలా ఉంది. నాన్నకి ఆ రెండు వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయి, ఎంత లాగినా తెరుచుకోలేదు. టీ కప్పు రెండు చేతుల్తో పట్టుకునేవాడు. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నువ్వు భోజనం బల్ల దగ్గర కూడా చేతి తొడుగు తీయలేదు. చలి అన్నావు. పక్కనే పొయ్యి మండుతుంటే చలేమిటని నాకు అప్పుడే తోచలేదు, నా మొహం.

అబద్ధం ఆడకు. ఏ వేలు?

అక్క

* * *

లియాన్, ఫ్రాన్స్,
మే ఆఖరు

అక్కా,

ఉంగరం వేలు, చిటికెన వేలు. ఎడమ చెయ్యి.

పోయిన ఆకురాలు కాలంలో అరచేతిలో చిన్న ముడిలా మొదలైంది. చూడగానే నాకు తెలిసిపోయింది, డాక్టరు చెప్పక్కర్లేకపోయింది. రాసేదీ ఆ చేత్తోనే, తీగలు నొక్కేదీ ఆ చేత్తోనే. మావాళ్ళకి తెలుసు. నీకు చెప్తే నాన్నని మళ్ళీ చూసినట్టుంటుందని చెప్పలేదు. కోస్తే వేళ్ళు తిన్నబడొచ్చట, వాయించడం మాత్రం మర్చిపోమన్నాడు డాక్టరు. జూన్ తర్వాత కోయించుకుంటాను.

రెండు వేళ్ళతో నెట్టుకొస్తున్నాను. కొత్త తీగలు బిర్రుగా, రంపంలా ఉంటాయి, నాలుగు పాటలకే చెయ్యి పట్టేస్తుంది. డోరా తీగలు అలా కాదు. అరిగి అరిగి మెత్తబడ్డాయి, వేలు ఆనిస్తే చాలు, వాటంతటవే పలికేవి. అందుకే ఇంటికి పంపాను. ఈ ఊళ్ళన్నిట్లో వాయిస్తే ఎక్కడో ఒకటి తెగుతుంది, అలాంటిది మళ్ళీ దొరకదు. మన ఊరి కచేరీకి దాచుకున్నానక్కా. రెండు వేళ్ళతో రాత్రంతా నిలబడాలంటే అదొక్కటే దారి. నీకా సంగతి చెప్పకుండా ముట్టుకోకని మాత్రం చెప్పాను. నిన్ను ఇంకేమీ అనను.

క్లెమ్

* * *

క్రేడ్లీ హీత్,
జూన్

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి పెరట్లోకి పరిగెత్తాను. పాదుల మీంచి తీగలు విప్పాను. వానకి తుప్పు పట్టాయి. లావుదాన్ని తుడవబోతే చేతిలోనే పుటుక్కుమంది. అక్కడే బఠాణీల మధ్య కూర్చుని ఏడ్చాను. మిసెస్ హోమర్ గోడ మీంచి చూసి, "మళ్ళీ ఎవరే?" అంది.

బుధవారం కుట్టుపనికి అందరూ వచ్చారు. ఉన్నదంతా చెప్పేశాను. ఫ్లోరీ బిల్లింగమ్, అదే, చాపెల్‌లో ఆర్గన్ వాయిస్తుందే, ఆవిడ అడిగింది. "ఎనిడ్, ఆ తీగలు అంత మెత్తగా ఎలా అయ్యాయే?" "ఎలా అవడమేమిటి, జిడ్డు చేతుల్తో ఇరవై ఏళ్ళు రుద్దితే అయ్యాయి" అన్నాను. "మనకి ఇరవై ఏళ్ళు లేవు. కానీ చేతులు బోలెడున్నాయి" అంది ఫ్లోరీ.

ఇక విను. పార్గెటర్‌ని మళ్ళీ పిలిచాను. ఉన్నవాటిలోకెల్లా మెత్తటి తీగలు వేసి, చెక్కకి ఆనేంత కిందికి దింపాడు. మాంసం కొట్టు నుంచి పంది తోలు వేపుడు పెద్ద సంచీ తెప్పించాను. రోజూ పొద్దున మిసెస్ హోమర్, మధ్యాహ్నం ఫ్లోరీ, సాయంత్రం మిగతావాళ్ళు. వేపుడు నమలడం, చేతులు తుడుచుకోకుండా తీగలు రుద్దడం, లాగడం, వాయించడం. నా ముందు గదిలో! నా కుర్చీల కొత్త మెత్తల మీద! వాసన చెప్పనలవి కాదు. ఎవరైనా అలవాటుకొద్దీ చెయ్యి కడుక్కోబోతే నేను చీపురు పట్టుకుని అడ్డం నిలబడుతున్నాను. నా బతుకు ఇలా తిరగబడుతుందని ఎవరైనా చెప్తే నమ్మేదాన్ని కాదు. ఫ్లోరీ ఒకరోజు వైరు తగిలించి మీట తొక్కింది. అల్మారాలో పళ్ళేలన్నీ గంతులేశాయి. పాస్టరు గారు పరిగెత్తుకొచ్చారు. ఆయన చేతికీ ఒక వేపుడు ముక్క ఇచ్చి కూర్చోబెట్టాం.

స్పీకర్ల మెరుపు తగ్గించడం మాత్రం నా వల్ల కాలేదు. దుమ్ము దులపకుండా ఉంటున్నాను. అది నాకెంత కష్టమో నీకు తెలుసు.

మీవాళ్ళకి వాయిస్తానని చెప్పు. నిన్న ఎడమ చేతి రెండు వేళ్ళతో తీగ నొక్కి చూశాను. నొక్కగలిగాను. నా వల్ల అయితే నీ వల్ల కాదా?

మీ అక్క,
ఎనిడ్

* * *

బర్మింగ్‌హామ్,
జూలై

అక్కా,

కచేరీ అవగానే నన్ను కలవకుండా చివరి బస్సు పట్టుకుని వెళ్ళిపోయావట. ఎదురుగా ఉంటే చెప్పనిచ్చేదానివి కాదు కాబట్టి రాస్తున్నాను.

పెట్టె మూత తీయగానే పంది తోలు వాసన గుప్పుమంది. మావాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నాకు మన వంటిల్లు కనపడింది. తీగ మీద వేలు పెట్టాను. పాత డోరా కాదు, అది నీ ముందు అబద్ధం చెప్పను. కానీ బిర్రు పోయింది, రంపం పోయింది. వేలుకి లొంగింది. చివరి పాటలో ఆ రెండు వేళ్ళూ పూర్తిగా లోపలికి పోయాయి. మిగతా రెండిటితో లాగాను. వేరే ఏ తీగలైనా అయితే అక్కడితో ఆగిపోయేవాణ్ణి. ఆగలేదక్కా. ఆఖరు దాకా వాయించాను.

పైనుంచి నిన్ను చూశాను. ఆ తోలు కోట్ల మధ్య చాపెల్ టోపీ పెట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, మొహం చిట్లించుకుని కూర్చున్నావు. చెవుల్లో దూది పెట్టుకునే వచ్చావట. రెండో పాటకి తీసి సంచీలో వేసుకున్నావని, పక్కనే నిలబడ్డ ఫిన్లండ్ కుర్రాళ్ళు చెప్పారు.

సోమవారం చెయ్యి కోస్తారు. తర్వాతి ఉత్తరం కుడి చేత్తో వస్తుంది.

నీ తమ్ముడు,
క్లెమ్

* * *

క్రేడ్లీ హీత్,
జూలై

ఒరేయ్ తమ్ముడూ,

దూది చెమటకి జారి పడిపోయింది. నేను తీయలేదు. ఆ కుర్రాళ్ళకి ఈసారి కేకు పెట్టను.

పెట్టెలు కచేరీ నుంచి లండన్ వెళ్తాయనుకుంటే లారీవాడు మళ్ళీ నా గుమ్మంలోనే దింపాడు! పుణ్యం కట్టుకుని తీసుకుపో వీటిని. తల ప్రాణం తోకకొచ్చింది. అయితే బుధవారాలు మాత్రం రాకు. ఫ్లోరీ వాళ్ళు వాయించుకుంటారు. సూదులు ముట్టుకుని నెలవుతోంది. మిసెస్ హోమర్‌కి మీట తొక్కడం మా బాగా అబ్బింది. డోరాని నీకిస్తే వాళ్ళు నన్ను ఊళ్ళో బతకనివ్వరు. నేను మాత్రం ఇప్పుడు వాయించడం మానేశాను, ఎవరో ఒకరు టీ పెట్టాలి కదా.

అమ్మ కప్పు ఇంకోటి పోయింది. పెట్టెలు అడ్డం. ఉత్తరం వంకరగా ఉందని నవ్వకు, కలం మార్చినా ఇదే తంతు, ఈ రోజుల్లో సరుకంతా నాసిరకం. ఆసుపత్రిలో ఏం పెడుతున్నారో రాయి. చెయ్యి తడపకు.

అక్క

* * *

ఆసుపత్రి, బర్మింగ్‌హామ్,
జూలై

అక్కా,

కుడి చేత్తో రాస్తున్నాను. ఎక్కువ రాయలేను.

నీ ఉత్తరాలన్నీ నర్సు చేత మంచం మీద పరిపించుకున్నాను, ఫిబ్రవరి నుంచి వరసగా.

కలానిది కాదు తప్పు. కప్పులదీ కాదు. నా పెట్టెలదీ కాదు.

అబద్ధం ఆడకు. ఏ వేలు?

క్లెమ్